చంకలో నోటుపుస్తకం

నన్ను తెరిస్తే ముందుగా కళ్ళకు తగిలేది సిరా రంగు. నీలమూ నలుపూ కాదు, ఆకుపచ్చ. కుంభకోణంలో రామానుజన్ నాలో రాయడం మొదలుపెట్టేనాటికి ఇంకా కుర్రవాడు. లెక్కంతా పలక మీద చేసేవాడు. బలపంతో గబగబా రాసేవాడు, మోచేత్తో తుడిచేసేవాడు, మళ్ళీ రాసేవాడు. గుడ్డ కోసం చెయ్యి చాపే ఓపిక కూడా ఉండేది కాదు. తుడిచి తుడిచి ఆ మోచెయ్యి నల్లబడిపోయింది. అన్నిసార్లు తుడిచాక మిగిలిన ఆఖరి వరస మాత్రం నాలోకి ఎక్కేది. కాగితం కొనే స్తోమత లేని ఇల్లు మరి. అందుకే నాలో ఫలితాలు ఉన్నాయి, వాటికి నడిచొచ్చిన దారి లేదు. ఆ దారి మోచేతికి తెలుసు, పలకకు తెలుసు.

ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, ఆ తర్వాత మావాడు ఎవరి గుమ్మం ఎక్కినా చూపించడానికి చేతిలో ఉన్నది నేనొక్కదాన్నే. ‘ఇది ఎలా వచ్చింది నాయనా?’ అని ఎవరైనా అడిగితే నా పేజీల్లో జవాబు దొరకదు. అలాంటి పుస్తకాన్ని నమ్ముకుని పెద్దవాళ్ళ దగ్గరికి సాయానికి వెళ్ళడమంటే ఎంత బరువో, అతని చంకలో ఉండి నేను మోశాను.

చదువు సాగలేదు. లెక్కలు తప్ప మరో పాఠం తలకెక్కక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయాడు. తిరిగొచ్చి మద్రాసులో కాలేజీలో చేరినా ఎఫ్.ఎ. పరీక్ష గట్టెక్కలేదు. 1909లో జానకితో పెళ్ళయింది. ఆ రోజుల్లోనే ఒంట్లో బాగాలేక, ఇక బతకనేమో అనుకుని, నన్ను ఒక స్నేహితుడి చేతిలో పెట్టాడు. తాను పోతే ఫలానా ఇద్దరు ఆచార్యుల్లో ఎవరికో ఒకరికి అందజేయమన్నాడు. ఆ నాలుగు మాటలూ అనేటప్పుడు అతని వేళ్ళు నా అట్టను వదల్లేదు. బతికాడు. నన్ను మళ్ళీ తీసుకున్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి ఉద్యోగం వెతుక్కుంటూ బయల్దేరాడు.

1910లో తిరుక్కోయిలూరు వెళ్ళాం. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్ గారు 1907లో మన దేశంలో గణిత సంఘాన్ని స్థాపించిన మనిషి. మావాడు ఆయన్ని అడిగింది తాలూకా కచేరీలో చిన్న గుమాస్తా పని. ఆయన నన్ను తిరగేశారు. ఇంత తెలివిని రెవెన్యూ శాఖ అడుగుమెట్టు మీద పెట్టి అణగదొక్కడానికి తనకు మనసొప్పదని ఆ పని ఇవ్వలేదు. మద్రాసులోని మిత్రులకు ఉత్తరాలు మాత్రం ఇచ్చారు. ఆ మిత్రుల్లో శేషు అయ్యర్ గారు ఒకరు. కుంభకోణంలో మావాడికి పాఠం చెప్పిన మనిషే. అక్కడినుంచి దారి నెల్లూరుకు మళ్ళింది. ఆ ఊరి కలెక్టరు రామచంద్రరావు గారు గణితమంటే ప్రాణమున్నవారు, ఆ గణిత సంఘానికి కార్యదర్శి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. కానీ ఏం అడగాలో, ఎప్పుడడగాలో, అడిగేముందు అవతలి మనిషి కళ్ళముందు ఏం పెట్టాలో నేను నెల్లూరులోనే చూశాను.

1910 డిసెంబరు. మావాడు గడ్డం గీసుకోలేదు, బట్టలు మాసి ఉన్నాయి, మనిషి పొట్టి, కాస్త లావు. కళ్ళలో మాత్రం వెలుగుండేది. నా అంచులు అప్పటికే చిరిగి చీకిపోయాయి. కలెక్టరు గారి బంధువుల అబ్బాయి లోపలికి వెళ్ళి, ఎవరో వచ్చి లెక్కల గురించి మాట్లాడుతున్నాడు, తనకేమీ బోధపడటం లేదు, అందులో పస ఉందేమో ఒకసారి చూడమని ఆయనతో చెప్పాడు. మమ్మల్ని పిలిచారు. మావాడు నన్ను తెరిచి, తాను కనిపెట్టినవి చెప్పుకుపోయాడు. మామూలు మనిషి కాదని రావు గారికి అప్పుడే తోచింది. కానీ చెప్పేది సత్యమో ఉత్తుత్తిదో తేల్చడానికి తన చదువు చాలలేదు. పొమ్మనలేదు, సరేననలేదు. మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళొచ్చిన కొద్దీ నమ్మకం పెరగలేదు, సందేహమే పెరిగింది. మావాడిని మోసగాడనుకున్న ఘడియ కూడా ఉంది. మావాడి చిన్ననాటి స్నేహితుడు రాజగోపాలాచారి బతిమాలి మరొక్క అవకాశం ఇప్పించాడు.

అప్పుడు మావాడు నన్ను తెరిచిన తీరు మారింది. ఆ మార్పు నా వెన్నుకు తెలిసింది. అంతకుముందు తనకు అతి ఇష్టమైన పేజీకి నేరుగా వెళ్ళిపోయేవాడు, వెన్ను అక్కడే విరిగినట్టు తెరుచుకునేది. ఈసారి వేలు ముందు పేజీల దగ్గర ఆగింది. ఎదుటి మనిషికి ఎంతవరకు వచ్చో అంచనా కట్టుకుని, తేలికపాటి ఫలితాలు చూపించాడు. అవి కూడా పుస్తకాల్లో ఉన్నవాటిని దాటి ఉన్నాయి, కాని ఆయన తనంతట తాను సరిచూసుకోగలిగినవి. కలెక్టరు గారు కాగితం తీసుకుని లెక్క కట్టారు. సరిపోయింది. ఆ ఒక్క ‘సరిపోయింది’ తర్వాతే మావాడు ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్‌కు వెళ్ళాడు, అక్కడినుంచి హైపర్‌జామెట్రిక్ శ్రేణులకు, ఆఖరున, లోకానికి ఇంకా చెప్పని తన అపసరణ శ్రేణుల సిద్ధాంతానికి. ఒక్కో మెట్టు మీద ఆయన పాదం ఆనేదాకా ఆగి, పై మెట్టు చూపించాడు. పై మెట్టు చేరాక రావు గారే అడిగారు, ఏం కావాలని.

పరిశోధన సాగడానికి పూటకింత తిండి, అంతే చాలన్నాడు.

నాకు ఈ వరస ఎప్పటికీ మరుపు రాదు. అడగమన్నది ఎదుటివాడు. అడిగింది బతకడానికి సరిపడా. నెల్లూరు లాంటి ఊళ్ళో కట్టిపడేయడం అన్యాయమని రావు గారు మావాణ్ణి మద్రాసుకే పంపి, నెలకు పాతిక రూపాయలు పంపేవారు. 1911లో గణిత సంఘం పత్రికలో మావాడి మొదటి వ్యాసం వచ్చింది, బెర్నూలీ సంఖ్యల మీద. అయినా ఊరికే ఒకరి డబ్బు తింటూ కూచోవడం అతనికి రుచించలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు, జీతం ముప్ఫై రూపాయలు.

పోర్టు ట్రస్టులో మావాడికి దొరికిన మనిషి నారాయణ అయ్యర్ గారు. రాత్రిళ్ళు తిరువల్లిక్కేణిలో చెరో పలక పట్టుకుని కూచునేవారు. ఇక్కడే మావాడికి అసలు పాఠం దొరికిందని నా నమ్మకం. మావాడు రెండు వరసల్లో తేల్చేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. నాకే అర్థం కాకపోతే సముద్రం అవతలివాళ్ళకేం అర్థమవుతుంది, పది వరసలు రాయి అనేవారు. మావాడు నొచ్చుకుంటూనే రాసేవాడు. పలక మీద బలపం కీచుమనే చప్పుడు అర్ధరాత్రి దాకా వినపడేది.

ఆ ఏడాది చివర ఇంగ్లండుకు కాగితాలు వెళ్ళడం మొదలైంది. లండన్‌లో ఒక ఆచార్యుడు శ్రద్ధగానే చదివి, అపసరణ శ్రేణుల దగ్గర మావాడు గోతిలో పడ్డాడని హెచ్చరించాడు. ఒకటి, రెండు, మూడు అలా అనంతం దాకా కూడితే మైనస్ పన్నెండో వంతు వస్తుందన్న మాట చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నెల్లూరులో రావు గారి మనసు మార్చింది ఆ సిద్ధాంతమే! అక్కడ అది ఆఖరి మెట్టు. లండన్ చేరిన కాగితాల్లో దాని కింద మెట్లు లేవు. కేంబ్రిడ్జిలో పేరున్న మరో ఇద్దరికి కూడా రాశాడు, వాళ్ళ వైపు నుంచి చెయ్యి అందలేదు. వాళ్ళను నేను తప్పుబట్టలేను. నా పేజీలు నాకు తెలుసు కదా.

1913 జనవరి 16న కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీకి రాసిన ఉత్తరం మాత్రం వేరుగా నడిచింది. అంతకు మూడేళ్ళ ముందు, 1910లో, హార్డీ అచ్చువేసిన ‘ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ’ అనే చిన్న పుస్తకాన్ని మావాడు చదివాడు. అందులో ప్రధాన సంఖ్యల లెక్కకు ఇంకా కచ్చితమైన సూత్రం దొరకలేదన్న మాట పట్టుకుని, తనకు దొరికిందని రాశాడు. ఆ మాట పొరపాటని తర్వాత తేలింది. అయినా ఆ ఉత్తరం పట్టుకున్నది హార్డీ సొంత వాక్యాన్ని, మావాడి ఆకలిని కాదు. వెంట నాలోంచి ఎత్తిరాసిన సుమారు నూటఇరవై ఫలితాలు. కొన్ని హార్డీకి ముందే తెలిసినవి. కొన్ని కష్టపడితే తానే రుజువు చేయగలిగినవి. కొన్ని ఆయన ఎన్నడూ చూడనివి, ఆయన్ని చతికిలబడేలా చేసినవి. నెల్లూరు మెట్ల వరసే మళ్ళీ కనిపించింది. ఎవరో ఆటపట్టిస్తున్నారని మొదట అనుకున్న హార్డీ ఆ రాత్రి తోటి గణితవేత్త లిటిల్‌వుడ్‌ను కూచోబెట్టుకుని లెక్కలు పరీక్షించాడు. అర్ధరాత్రి కాకముందే ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు, ఇవి ఒక మహా గణితవేత్త రాసినవని.

ఫిబ్రవరి 8న హార్డీ జవాబు రాశాడు. రుజువులు పంపమన్నాడు. మావాడు ఫిబ్రవరి 27న బదులు రాస్తూ, లండన్ ఆచార్యుడితో జరిగింది కూడా దాచకుండా చెప్పుకున్నాడు. ఆ తర్వాతే సాయం అడిగాడు. సగం పస్తులతో ఉన్నాను, బుర్ర నిలవాలంటే ముందు తిండి కావాలి, మీరొక సానుభూతి గల ఉత్తరం రాస్తే ఇక్కడ విశ్వవిద్యాలయంలోనో ప్రభుత్వంలోనో స్కాలర్‌షిప్పు దొరకవచ్చు అని. మొదటి ఉత్తరంలో సలహా అడిగాడు, విలువుందని తోస్తే అచ్చువేయమని అడిగాడు, తిండి ఊసెత్తలేదు. ఆ మాట రెండో ఉత్తరం దాకా ఆగింది. ఎంత ఆకలితో ఆగిందో నేను చూశాను.

1913 మే 1 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు డెబ్బయ్యైదు రూపాయలు ఇచ్చింది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కాడు. 1919లో జబ్బుతో స్వదేశం తిరిగొచ్చేటప్పుడు నన్ను హార్డీ దగ్గర వదిలేశాడు. ఆ తర్వాత ఏడాదికి కాస్త పైన, 1920 ఏప్రిల్ 26న, ముప్ఫైరెండేళ్ళకు వెళ్ళిపోయాడు.

హార్డీ గదిలో నన్ను మళ్ళీ తెరిచిన చప్పుడు నాకు గుర్తుంది. పలక లేదు, మోచెయ్యి లేదు, దారి చెప్పేవాడు లేడు. పచ్చ సిరా వరస ఒక్కొక్కదాని పక్కన ఆయనే కాగితం పెట్టుకుని, వదిలేసిన మెట్లు ఒక్కొక్కటే కట్టుకుంటూ వెళ్ళాడు. 1923లో, నాలోని ఒక అధ్యాయం మీద ఆయన వ్యాసం అచ్చయింది. రాయమని అడగడానికి మావాడు లేడు.