నాలుగు చుక్కల నెత్తురు, ఒక బొక్కెన నీళ్లు

మా రోజుల్లో గొడ్డును అంగడి నుంచి తోలుకురావడమంటే ఒక రోజంతా పని, బిడ్డా. చెరువు కనబడ్డచోటల్లా నీళ్లు తాపి, ఎండెక్కితే చింతచెట్టు కింద ఆపి, నిదానంగా నడిపించుకొచ్చేవాళ్లం. మీరేమో లారీలో ఒకదాని కాళ్లు ఒకటి తొక్కేలా కుక్కి, రాత్రంతా కుదిపి దించి, ఆపైన రక్తం తీసి ‘దీనికి ఒత్తిడి ఎక్కువైంది’ అంటారు. ఎక్కువ కాదా మరి?

మాది పెద్దకూర దుకాణం. మా నాయిన దున్నపోతు తోక మొదట బొటనవేలితో నొక్కి, నడుము మీద అరచెయ్యి పరిచి, కండెంతో కొవ్వెంతో చెప్పేవాడు. తెచ్చిన రోజే కత్తి పట్టనిచ్చేవాడు కాదు. నీళ్లు పెట్టి, చొప్ప వేసి, నీడన కట్టేసేవాడు. అది నెమరేస్తూ కళ్లు అరమోడిస్తేనే మర్నాటి మాట. అలిసిన గొడ్డు కూర నల్లగా ఉంటుందని ఆయనకు ఎవరూ చదువు చెప్పలేదు.

మా మనవడు పశువైద్యం చదువుతున్నాడు. గొడ్డు బెదిరితే రక్తంలో కార్టిసాల్, లాక్టేట్ పెరుగుతాయట. కండ నలిగితే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ నెత్తుట్లోకి దిగుతుందట. కండలో దాచుకున్న గ్లైకోజెన్ అలసటకే ఖర్చయిపోతే, కోశాక ఆమ్లం పుట్టడానికి ఏమీ మిగలదు. ఒక రోజులో 5.5 దగ్గరికి దిగాల్సిన పీహెచ్ 6 దగ్గరే ఆగిపోతుంది. ఆ కూరే నల్లబడి, చేతికి జిగురుగా తగిలి, తొందరగా చెడిపోయేది. రక్తంతో దాన్ని ముందే పసిగట్టాలని ఈ పశువైద్యుల తాపత్రయం. రక్తం ఒక్కటే చూసి కూర మెత్తదనం ఖాయంగా చెప్పలేమని వాడే ఒప్పుకున్నాడు. మరి ఇంత హడావిడి ఎందుకురా అన్నాను.

అన్నానే గానీ, ఒక పోతు నాకింకా గుర్తే. నాయిన ఊళ్లో లేని రోజు నేనే చెయ్యేసి చూసి, దిట్టంగా ఉందని కొన్నాను. నిమ్మళంగా నిలబడింది, ఒళ్లు నిగనిగలాడింది. మర్నాడు కోస్తే కూరంతా నల్లగా, జిగట. కొన్నవాళ్లు సాయంత్రానికి తిరిగి తెచ్చారు. లోపల అది ఎంత బెదిరిందో నా చేతికి తెలియలేదు. నెత్తురు చెప్పేదేమో.

అందుకే రక్తం చూడొద్దని అనను. కానీ సూది గుచ్చడానికి పట్టి కట్టేసినా కార్టిసాల్ పెరుగుతుందని మా మనవడే చెప్పాడు. కాబట్టి బిడ్డా, లారీ దించగానే సూది తియ్యకు. ముందు బొక్కెనతో నీళ్లు పెట్టు, నీడన కట్టెయ్యి, నెమరెయ్యనియ్యి.