చెమ్మకు పగవాడు

దసరా వెళ్లి వారం తిరక్కముందే చిన్నాయన టపాసులు కొనేస్తాడు. ధర తగ్గుతుందని కాదు, ఎండబెట్టుకోవడానికి వ్యవధి కావాలని. ఎల్‌బీ నగర్, కొత్తపేట, చైతన్యపురి... ఏ కాలనీలోనైనా డాబా మీద పాత దుప్పటి పరిచి, చిచ్చుబుడ్లూ భూచక్రాలూ వరసగా పేర్చి, గొడుగు పట్టుకుని కాపలా కూర్చున్న రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన ఉంటాడు. గొడుగు ఆయన కోసం కాదు. మబ్బు పడితే చిచ్చుబుడ్లకు.

ఆయన భయం వట్టిదేమీ కాదు. దీపావళి వచ్చే అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఇక్కడ బట్టలే ఆరవు. మందులోని బొగ్గు చెమ్మను పీలుస్తుంది. సూరేకారం శుద్ధమైనది కాకపోతే అదీ పీలుస్తుంది. ఒత్తి మెత్తబడితే నిప్పు లోపలిదాకా పోదు. శివకాశిలో ఈ పరిశ్రమ నిలదొక్కుకోవడానికి అక్కడి పొడి వాతావరణం ఒక కారణమని తెలిశాక, ఇల్లమ్మి అక్కడికి పోదామని చిన్నమ్మను అడిగిన మనిషి ఆయన.

అంత శ్రద్ధకూ 2020లో పెద్ద పరీక్ష వచ్చింది. అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్ వీధులు మునిగాయి. జనం బియ్యమూ సర్టిఫికెట్లూ పైకి చేరవేస్తుంటే, చిన్నాయన నిరుడు మిగిలిన మతాబుల డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. నెల తిరిగేసరికి అవి గలగలలాడాయి. నవంబరు 12న హైకోర్టు టపాసులనే నిషేధించింది. మర్నాడు సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సవరించి, గ్రీన్ టపాసులకు రెండు గంటలు వీలిచ్చింది. ఆయనవి ఆ రకం కావు.

గ్రీన్ టపాసుల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ‘స్వాస్’ అనే రకం పేలినప్పుడు నీటి ఆవిరి వదిలి దుమ్మును అణుస్తుందని ఎవరో చెప్పారు. “టపాసుల నీళ్లా?” అన్నాడు చిన్నాయన. ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

ఈ జబ్బు వంశంలోనే ఉన్నట్టుంది. టెక్సాస్‌లో ఉన్న అన్న కొడుకు తన గ్యారేజీలో పేల్చేసిన తూటాల గొట్టాలను మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది చాలామందికి కాలక్షేపం. ఇక్కడ 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఖర్చు కలిసొస్తుందని మొదలుపెట్టినవాడికి ఇప్పుడు చెమ్మే చింత. తుపాకి మందు తేమ పీలిస్తే నెమ్మదిగా కాలుతుంది. మరీ ఎండితే వేగంగా కాలి గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే దాన్ని కంపెనీ డబ్బాలోనే, మూత బిగించి ఉంచుతాడు. ఆదివారం వీడియో కాల్‌లో పెళ్లిళ్లూ లేవు, పేరంటాలూ లేవు.

“నా గ్యారేజీల తేమ నలభై శాతముంది చిన్నాయనా!”

“మీటర్లెందుకు బిడ్డా, నా బనీను చెప్తది.”

1857లో సిపాయిలను రగిలించిన ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి కొవ్వు పూసిందీ చెమ్మ తగలకుండానేనని చిన్నాయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. గుండు గొట్టంలో సులువుగా జారడానికి కూడా అని గుర్తు చేస్తే వినడు.

ఒక ఏడు ముసురు వదలక, గ్యాస్ పొయ్యి పక్కన మతాబులు పేర్చబోయాడు. చిన్నమ్మ అట్లకాడ ఎత్తింది. ఆ రోజు మాత్రం న్యాయం పూర్తిగా ఆమెదే. పైగా అల్యూమినియం పొడి కలిసిన మందు తడిస్తే తనంతట తానే వేడెక్కగలదు. తడిసినదాన్ని ఆరబెట్టి దాచుకోవడం ఆదా కాదు, ఆపద. అప్పటినుంచి ఆయన సిలికా జెల్ గుళికల మీద పడ్డాడు. నీలం గుళిక గులాబీ రంగుకు తిరిగితే ఇల్లంతా నిశ్శబ్దం.

అయినా పండుగ రాత్రి ఆ వీధిలో తుస్సుమనకుండా వెలిగేవి ఆయనవే. మొదటి చిచ్చుబుడ్డి వాచ్‌మన్ పిల్లల చేతే ముట్టిస్తాడు. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టబుద్ధి కాదు.

కొత్తపేట నుంచి చింతలకుంట దాకా చెప్పుల షాపుల వాళ్లకు ఒక మనవి: డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకండి. ఆయన సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు.