విశ్వకర్మ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: చిక్కడపల్లి సందులో ఒక గృహస్థు పదవీ విరమణ డబ్బుతో రాణీగంజ్‌లో పాత లేత్ మిషన్ కొని, స్కూటరు షెడ్డులో వర్క్‌షాపు పెట్టదలచెను. మిషన్ 400 కిలోలు. దానిని చూసి ఆయన లుంగీ ఎగ్గట్టగా, కూడా వచ్చిన మేస్త్రీ ఆశువుగా చెప్పినది. (త్యాగరాయ గానసభ అవధానాలు విని విని ఆ పేటలో మేస్త్రీలకూ ఆటవెలది అబ్బినది.)

ఆ. గొలుసు వేసి దాని కుదురుగా నెత్తుము
చేయి పెట్టబోకు చెక్క పెట్టు
వేలు బరువు కింద వీరుండు నిలువడు
వెన్ను వంచకుండ, విశ్వకర్మ!

టీక: విశ్వకర్మ = ఓ పనివాడా (ఎదుట ఉన్నది విశ్రాంత బ్యాంకు ఉద్యోగి; సంబోధన గౌరవార్థకం); దాని = ఆ లేత్‌ను; గొలుసు వేసి = చైన్ బ్లాక్ తగిలించి; వెన్ను వంచకుండ = నడుము వంగనీయక; కుదురుగా = తొందర లేక; ఎత్తుము. వేలు బరువు = వేలాడు బరువు. తక్కినది స్పష్టము.

వ్యాఖ్య: "వెన్ను వంచకుండ" నాలుగో పాదంలో ఉన్నా అన్వయం మొదటి పాదంలోని "ఎత్తుము"తో. గృహస్థు దానిని పక్కనున్న "నిలువడు"తో కలిపి, వంగి నిలబడితే తప్పులేదనుకొనెను. దూరాన్వయం కావ్యంలో దోషం, షెడ్డులో ప్రమాదం.

"గొలుసు వేసి": ఎక్కడ? కవి చెప్పలేదు. వ్యాఖ్యాత మల్లినాథసూరి మన కొల్చారం వాడే అయినా లేత్ జోలికి రాలేదు గనుక ఆ భారం మనదే. హెడ్‌స్టాక్ వైపు బరువెక్కువ. టెయిల్‌స్టాక్‌నూ క్యారేజీనీ అవతలి కొసకు జరిపితే తూకం కుదురుతుంది. లీడ్‌స్క్రూకు గొలుసు తగలరాదు. రెండు పాయల స్లింగైతే కొక్కెం దగ్గర కోణం చూడవలెను. 60 డిగ్రీలైతే ఒక్కో పాయ మీద దాదాపు 231 కిలోలు. 120 అయితే ఒక్కోదాని మీద మొత్తం 400. సాయానికి వచ్చిన రెండోవాడి వల్ల మొదటివాడికి ఒక్క కిలో తగ్గదన్నమాట. ముందు ఒక్క అంగుళం లేపి, ఎటు ఒరుగుతోందో చూడటమే "కుదురుగా".

పూర్వపక్షం: అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లను నలుగురిని పిలిస్తే? సమాధానం: అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన లెక్కలో, అన్నీ అనుకూలించినప్పుడు కూడా ఒకరు ఎత్తదగ్గది 23 కిలోలు. నలుగురికి 92. తక్కిన 308 జనరల్ స్టడీస్ మోయదు. స్లాబుకు ఫ్యాను కొక్కెం ఉన్నది కదా? అది ఫ్యానుకే. ఇనప పైపుల ముక్కాలి స్టాండు తేవలెను.

"చేయి పెట్టబోకు": ఇక్కడ "కింద" అని అధ్యాహారం. బరువు లేచేకొద్దీ అడుగున చెక్కలు పేర్చవలెను. ఆ చెక్కనైనా కర్రతో తోయాలి, వేళ్లతో కాదు.

తాత్పర్యం: మేస్త్రీ మాట వినవలెనని.

పాఠాంతరం: కొందరు "చెక్క"కు బదులు "ఇటుక పెట్టు" అని చదువుదురు. గణం సరిపోతుంది, యతి చెడుతుంది. పైగా చెక్క ముందుగా కిర్రుమంటుంది. ఇటుక చెప్పకుండా పగులుతుంది. కాబట్టి గ్రాహ్యం కాదు.