బడి ఉచితము, ముంగిలి అద్దెకు

అమెరికా దేశపు ప్రభుత్వోన్నత పాఠశాలలయందు సరస్వతీ దర్శనము ఉచితమే గాని, ఆ తల్లి గుడి ముంగిట కారు నిలుపుటకు మాత్రము పెక్కుచోట్ల విద్యార్థి యేటేటా రుసుము చెల్లింపవలయును. సంగీత నాటకములకును క్రీడలకును బడి రుసుము గొనరాదని కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానము 1984లో తీర్పు చెప్పినది. కారు, పాపము, పాటయుఁ గాదు, ఆటయుఁ గాదు. పసుపుపచ్చ బస్సున్నది గదా యని పెద్దలందురు. నిజమే, అయితే ఆ రుసుము సంపాదించుటకై బడి విడిచినతోడనే కొలువునకుఁ బరుగెత్తు పిల్లవానిని అంగడికడ దింపు బస్సేది? కొన్ని బడులలో మరికొంత సొమ్ము ముట్టజెప్పినచో తన కారు నిలుపు చోటున నచ్చిన బొమ్మ వేసికొనవచ్చునఁట! చిత్రలేఖన బోధనమును ఈ విధముగా నిలుపుకొనుచున్నారు కాబోలు.