తెప్ప మీద కెప్టెన్

ఇల్లు అమ్మేసి పడవ కొందామన్న ఆలోచన భార్యదే. ఇంగ్లండ్‌లోని డెర్బీలో కాపురం ఉంటున్న మారిస్, మారలిన్ బెయిలీ దంపతులు అన్నంత పనీ చేశారు. ముప్ఫయ్యొక్క అడుగుల తెరచాప పడవ కొని, దానికి ఆరలిన్ అని పేరు పెట్టి, 1972 వేసవిలో సౌతాంప్టన్ నుంచి న్యూజిలాండ్‌కు బయల్దేరారు. పడవ విద్య ఆయనది. సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్ణీ చుక్కల్నీ కొలిచి నడిసముద్రంలో దారి కనుక్కోగలడు. బయటి ప్రపంచం జోక్యం ఏదీ వద్దని, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ మాత్రం పెట్టనివ్వలేదు.

అట్లాంటిక్ దాటారు. పనామా కాలువ మీదుగా పసిఫిక్‌లోకి వచ్చారు. 1973 మార్చి 4న తెల్లవారుతుండగా, గాలపాగోస్ దీవులు ఇంకా మూడు వందల మైళ్ళ దూరాన ఉండగా, ఒక తిమింగలం వచ్చి పడవను గుద్దింది. అడుగున చిల్లు పడింది. నీళ్ళు తోడారు, చిల్లు మూయాలని చూశారు. గంట తిరక్కుండానే ఆరలిన్ వాళ్ళ కళ్ళెదుటే మునిగిపోయింది.

మిగిలింది గాలి నింపిన ఒక గుండ్రటి తెప్ప, దానికి తాడుతో కట్టిన చిన్న రబ్బరు పడవ, కాసిన్ని డబ్బా తిండి, క్యాన్లలో నీళ్ళు.

ఇక్కణ్ణుంచి కెప్టెన్ మారిపోయింది. దారి తెలిసిన మారిస్ ఆశ వదులుకున్నాడు. మారలిన్ వదల్లేదు. ఉన్న తిండిని పూటలకు పంచింది. గాలాలు లేకపోతే పిన్నీసులు వంచారు, వాటికే చేపలు పడ్డాయి. వాన పడితే నీళ్ళు పట్టుకున్నారు, ఎండ కాస్తే తాబేలు మాంసం తిన్నారు. బతికున్న తాబేలును తెప్పకు కట్టి గాలపాగోస్ వైపు లాగిద్దామని కూడా చూశారు. మొదటిది బాగానే లాగింది. బలం చాలదని రెండోది కట్టారు. అది ఎదురు దిక్కున ఈదింది.

సాయంత్రాలు గడవడానికి కాగితం ముక్కలతో పేకలూ డామినోలూ చేసుకుని ఆడారు. ఒడ్డు చేరాక ఏమేం వండుకోవాలో మారలిన్ డైరీలో రాసుకునేది. మునిగిన పడవ స్థానంలో కట్టించబోయే కొత్త పడవకు ఇద్దరూ కూర్చుని ప్లాన్లు గీశారు. వాళ్ళ కథ మొత్తంలో నా గుండెను పట్టుకున్నది ఇదే. కింద రబ్బరు చిల్లులు పడి మళ్ళీ మళ్ళీ గాలి కొట్టుకోవాల్సిన తెప్ప, ఒళ్ళంతా ఉప్పు పుండ్లు, ఎటు చూసినా నీళ్ళు. ఆ స్థితిలో ఒక మనిషి వంటగది ఎక్కడ పెట్టాలి, పడక ఎంత వెడల్పుండాలి అని గీతలు గీసుకుంటోంది! ధైర్యమంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకనుంచి నేను ఆ ప్లాన్లనే చెబుతాను.

ఏడు ఓడలు దగ్గర నుంచే వెళ్ళిపోయాయి. ఒక్కటీ వాళ్ళను చూడలేదు.

జూన్ 30న ఎనిమిదో ఓడ వచ్చింది. దక్షిణ కొరియా చేపల ఓడ, పేరు వోల్మి 306. అదీ దాటిపోతుంటే మారిస్ ఇక పోనిమ్మన్నాడు. మారలిన్ చేతులు ఊపుతూనే ఉంది. ఓడ వెనక్కి తిరిగింది. అప్పటికి పదిహేను వందల మైళ్ళు కొట్టుకుపోయారు. ఒక్కొక్కరూ పద్దెనిమిది కిలోల దాకా చిక్కిపోయారు. ఓడ మీద కాళ్ళు నిలవలేదు. కొరియా నావికులు పసిపిల్లల్ని సాకినట్టు సాకి హొనలూలూలో దించారు.

తను బతికి బయటపడింది మారలిన్ వల్లేనని మారిస్ తర్వాత చెప్పుకున్నాడు. తెప్ప మీద గీసుకున్న పడవ కాగితం మీద ఉండిపోలేదు. నిజంగానే కట్టించారు. ఆరలిన్-2లో దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా దాకా వెళ్ళారు.

ఇల్లమ్మి పడవ కొందామన్న నాటికీ, తిమింగలం గుద్దిన నాటికీ, వోల్మి 306 వెనక్కి తిరిగిన నాటికీ మారలిన్‌కు ఈత రాదు.