కొబ్బరితోటే కీకారణ్యం

దేశంలో ఎక్కువ శాతం నేల అడవిగా ఉన్న చోటేదని అడిగితే ఎవరైనా మిజోరం అనో, అండమాన్ అనో అంటారు. మార్కు పోతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో ఆ ఘనత లక్షద్వీప్‌ది. 91.33 శాతం! అక్కడ అటవీ భూమిగా నమోదైన నేల సెంటు కూడా లేదు. ఉన్నవల్లా కొబ్బరి చెట్లు. పులీ లేదు, ఏనుగూ లేదు, కాయలు దించేవాళ్లు మాత్రం ఉన్నారు.

ఈ సంస్థ 1987 నుంచి రెండేళ్లకోసారి దేశపు అడవుల లెక్క అప్పజెబుతోంది. 2023 నివేదిక మాత్రం ఆలస్యంగా, 2024 డిసెంబరు 21న బయటికొచ్చింది. చెట్లు ఎటుపోతాయిలే అనుకున్నారేమో. పోతున్నాయన్నదే కదా అసలు గొడవ.

లెక్క కట్టే పద్ధతి మహా ఉదారమైనది. హెక్టారు నేల మీద, అంటే రెండున్నర ఎకరాల మీద, పదోవంతుకి చెట్ల గొడుగు పడితే చాలు, అది అడవే. నేల ఎవరిది, చెట్టేది, నాటిందెవరు అని కులగోత్రాలు అడగరు. మామిడితోటైనా సరే, వెదురు పొదైనా సరే. సంస్థ దాచిందేమీ లేదు లెండి, ఈ నిర్వచనాన్ని నివేదికలోనే అచ్చువేస్తుంది. అంత లావు పుస్తకంలో నవ్వొచ్చే పేజీ అదొక్కటే.

ఈ ఉదారత ఢిల్లీ దాకా పాకింది. మంత్రుల బంగళాలు, పార్లమెంట్ స్ట్రీట్‌లోని రిజర్వు బ్యాంకు భవనం, ఎయిమ్స్, ఐఐటీ ఆవరణల్లో కొంత భాగం కూడా అడవి కిందే జమపడ్డాయని 2023లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక తవ్వి తీసింది. అడవుల్ని కాపాడతామని మంత్రులంటే జనం వెటకారం చేస్తారు గానీ, పాపం, వాళ్లు కాపురముంటున్నదే అడవిలో.

మన సంగతికొద్దాం. 2021 నివేదికలో అడవి పెంచిన రాష్ట్రాల్లో 647 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశ్ మొదటిది, 632తో తెలంగాణ రెండోది. అన్నదమ్ములు పోటీపడి గెలిచారు. తర్వాతి నివేదికకి ఒకరికి సుమారు 138, ఇంకొకరికి 100 తరుగు. ఇలాంటి ఎగుడుదిగుళ్లు కొత్తేం కాదు. 2011 నివేదికలో ఉమ్మడి రాష్ట్రం 281 చదరపు కిలోమీటర్లు పోగొట్టుకున్నప్పుడు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది జామాయిల్ తోటలు కొట్టడం. ఖమ్మం రైతు నాలుగైదేళ్లకోసారి కర్ర కొట్టి కాగితం మిల్లుకి తోలతాడు. మోడు చిగురించి ఎదిగితే అడవి పెరిగినట్టు, కర్ర లారీ ఎక్కితే అడవి తరిగినట్టు. దేశపు పచ్చదనం తన గొడ్డలి మీద ఆధారపడి ఉందని ముందే తెలిస్తే, టన్నుకి ఇంకో వంద అడిగి ఉండేవాడు.

కొబ్బరితోటకి దక్కిన హోదా రోళ్లపాడు గడ్డినేలకి దక్కదు. నంద్యాల జిల్లాలోని ఈ చోటుని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్టకి కావలసింది చెట్టు కాదు, గడ్డి, కనుచూపు మేర బయలు. చెట్ల గొడుగు పదిశాతం లేని నేల, ఉపగ్రహంతో ఆకాశం నుంచి చూసి లెక్కగట్టేవాడికి అడవి కాదు. అక్కడ నాలుగు మొక్కలు నాటితే లెక్కలో అడవి పెరుగుతుంది, పిట్ట మాత్రం ఎగిరిపోతుంది. నివేదికలో పిట్టకి గడి లేదు గనక నష్టమూ కనపడదు.

మొత్తం మీద అడవులూ చెట్లూ కలిపి దేశంలో 25.17 శాతం నేలని కప్పాయట. 1988 అటవీ విధానం పెట్టుకున్న లక్ష్యం మూడోవంతు. రెండేళ్లలో పెరిగింది 1,445 చదరపు కిలోమీటర్లని చాటారు. అందులో అడవి వాటా 156. తక్కినదంతా పొలంగట్ల మీదా, పెరళ్లలోనూ, రోడ్ల పక్కనా పెరిగిన చెట్లది. గట్టు మీద తుమ్మచెట్టు ఇంత దేశసేవ చేస్తోందని దాని కింద కునుకు తీసే రైతుకేం తెలుసు?

చెట్టుకి చెట్టు చెల్లు అని అలవాటైపోయాక, ఇక ఏ అడవి ఎక్కడుంటేనేం? గ్రేట్ నికోబార్‌లో రేవుకీ, విమానాశ్రయానికీ, టౌన్‌షిప్‌కీ సుమారు 130 చదరపు కిలోమీటర్ల వానల అడవిని వదులుకోవడానికి 2022లో అనుమతులిచ్చారు. బదులుగా మొక్కలు నాటే చోటు కింద హర్యానాని చూపించారు. నికోబార్ తీరాన మట్టిదిబ్బ పేర్చుకుని అందులో గుడ్లు పెట్టే మెగాపోడ్ పిట్టకి ఈ బదిలీ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు.