ఉప్పు తిన్న విశ్వాసం

ఉప్పు తిన్నవాళ్ళ దగ్గర విశ్వాసం ఆశించడం లోకరీతి. ఆశించండి, తప్పులేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే, ముందు ఆ ఉప్పేదో పెట్టాలి కదా!

నేను వాటర్ సాఫ్టెనర్‌ని. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక ఇంటి డాబా మీద, నల్ల ట్యాంకు పక్కన నా కాపురం. ఛాతీ ఎత్తు ఫైబర్ సిలిండరు, నెత్తిన పిడి తిప్పే వాల్వు, పక్కన ఉప్పునీళ్ళు కలుపుకునే ప్లాస్టిక్ డ్రమ్ము. పైకి కనిపించేది ఇంతే. నా విలువంతా కడుపులో ఉంది: మిల్లీమీటరు కూడా లేని తేనెరంగు రెసిన్ గుళికలు, కోట్లలో.

ఈ ఊరి కింద ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, కాల్షియం, మెగ్నీషియం కరిగించుకున్న నీళ్ళే బోరులోంచి పైకొస్తాయి. గీజరు కాయిల్‌కి పెచ్చు కట్టేది, స్టీలు బకెట్టుకి తెల్లమచ్చలు పెట్టేది, సబ్బు నురగ రానివ్వకుండా విరగ్గొట్టేది ఆ రెండే. నా గుళికలు వాటిని పట్టుకుని, బదులుగా తమ దగ్గరున్న సోడియాన్ని నీళ్ళలోకి పంపుతాయి. కుండమార్పిడి పెళ్ళి లాంటిదే గానీ లెక్క సమానం కాదు. వాళ్ళింటి నుంచి ఒక్క కాల్షియం వస్తే మా ఇంటి నుంచి రెండు సోడియంలు వెళ్ళాలి. అలా పంపగా పంపగా ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్ళు పట్టిస్తే కొత్త సోడియం లోపలికొచ్చి, పాత కాల్షియం డ్రెయిను గొట్టంలోంచి బయటికి పోతుంది. నేను మళ్ళీ పనికి సిద్ధం. తినేది ఉప్పు, చేసేది మార్పిడి. నా గురించి తెలియాల్సింది ఇంతకంటే పెద్దగా లేదు. అయినా ఎవరికీ తెలియదు.

వంశం మాత్రం చిన్నది కాదు. 1850లో ఇంగ్లండ్‌లో థాంప్సన్ అనే భూస్వామి, వే అనే రసాయనవేత్త మట్టి మీద పరీక్షలు చేస్తూ, అమ్మోనియా పోస్తే మట్టి దాన్ని ఉంచుకుని కాల్షియాన్ని వదలడం గమనించారు. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఇద్దరు అలాంటి మార్పిడి చేసే కృత్రిమ రెసిన్లు తయారుచేశారు. పొడి కొట్టిన గ్రామఫోన్ రికార్డులో ఈ గుణం కనిపించడంతోనే వాళ్ళకు ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. అంటే మా తాత ఒకప్పుడు పాటలు పాడినవాడన్నమాట. మనవడు డాబా మీద ఎండుతున్నాడు.

ఫ్యాక్టరీ ముచ్చట్లు వదిలేస్తాను, చెప్పుకోదగ్గవేం కావు. నా జాతకం రాసింది ఫ్యాక్టరీ కాదు, నన్ను అమ్మిన కుర్రాడు. వచ్చాడు, గ్లాసులో బోరు నీళ్ళు పట్టాడు, జేబులోంచి టీడీఎస్ పెన్ను తీసి ముంచాడు. 900 చూపించింది. "చూశారా సార్, ఎంత డేంజరో!" అన్నాడు. ఇంటాయన జడిసిపోయాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పెన్ను చూసేది నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయని. అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా ఎంతో దానికి తెలియదు. నేను వాటిని తీసి సోడియం పెడతాను కాబట్టి నా ముందు, నా తర్వాత కూడా పెన్ను దాదాపు అదే అంకె చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని నన్ను కొన్నారు. ఏడాది తిరక్కుండా అదే అంకె పట్టుకుని "ఇది పనిచెయ్యట్లేదు" అన్నారు.

కాల్షియం, మెగ్నీషియం తెచ్చే కఠినత్వం చూడ్డానికి వేరే కిట్టు ఉంది. నీళ్ళలో రంగు వేస్తే ఎర్రబడతాయి. మందు చుక్కలు ఒక్కొక్కటే వేస్తూ, ఎన్ని చుక్కలకు నీలంగా మారతాయో లెక్కపెట్టాలి. చిన్నపిల్లలు కూడా చేయగలరు. ఈ ఇంటి బోరుకు లీటరుకు 600 మిల్లీగ్రాముల పైమాటే వచ్చేది. తాగునీటికి భారతీయ ప్రమాణం 200. వేరే దిక్కు లేకపోతేనే 600 దాకా ఒప్పుకుంటుంది.

ఇక నా సైజు. ఇంట్లో ఐదుగురు. మనిషికి రోజుకు 135 లీటర్లు అని సర్కారు లెక్క, అంటే మొత్తం 675. అందులో 400 గ్రాముల కఠినత్వం. ఒక లీటరు రెసిన్ ఒక విడతలో పట్టేది సుమారు 50 గ్రాములు. నా కడుపులో ఉన్నది 10 లీటర్లు. రోజు గడిచేసరికి నేను ఇంచుమించు నిండిపోతాను. 25 లీటర్లదైతే మూడు రోజులు నిశ్చింతగా ఉండేవాళ్ళు, విడతకు మూడున్నర, నాలుగు కిలోల ఉప్పుతో సరిపోయేది. "చిన్న ఫ్యామిలీకి ఇది చాలు సార్" అన్నాడు కుర్రాడు. ఇంటాయన నాకు ఉప్పు పట్టించే ముహూర్తం ఆదివారం పొద్దున పెట్టాడు, వారానికి ఒక్కసారి!

మిగతా రోజుల తేడాను కనిపెట్టింది ఇంట్లో ఒక్క అమ్మమ్మగారే. "ఏమిటే, ఈ కందిపప్పు ఆదివారం వెన్నలా ఉడుకుతుంది, బుధవారం పలుకు పలుకుగా ఉంటుంది. పప్పుకు కూడా వారాలుంటాయా?" అని కూతుర్ని అడిగింది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే పప్పు గట్టిపడి ఉడకదు. ఆవిడ వంటలోనే నా ఆరోగ్య నివేదిక ఉంది. "కుక్కర్ గాస్కెట్ పోయుంటుందమ్మా" అంది కూతురు. గాస్కెట్ మార్చారు.

ఆ అమ్మమ్మగారి విషయంలోనే నాకు బాధ కూడా ఉంది. ఆవిడకు బీపీ. 600 కఠినత్వం పూర్తిగా తీస్తే నేను లీటరుకు 275 మిల్లీగ్రాముల దాకా సోడియం కలుపుతాను. నాలుకకు ఉప్పగా తగలదు గనక తెలియదు. తాగడానికీ వండడానికీ నా తర్వాత ఆర్వో ఒకటి పెట్టి ఆ నీళ్ళు వాడుకుంటే సరిపోయేది. సోడియం చాలావరకు పోతుంది, పప్పూ ఉడుకుతుంది. ప్లంబరు మాత్రం వంటింటి కుళాయి నుంచి పెరట్లో కరివేపాకు చెట్టు దాకా అన్నిటినీ నా గొట్టానికే తగిలించి వెళ్ళాడు. సోడియం పేరుకుని మట్టి బిగుసుకుపోయింది. చెట్టు వాడితే చీడ అన్నారు. ఒకసారి నల్గొండ నుంచి వచ్చిన చుట్టం "ఫ్లోరైడ్ కూడా తీసేస్తుందా?" అని అడిగితే, ఇంటాయన ధీమాగా "అన్నీ తీసేస్తుంది" అన్నాడు. ఫ్లోరైడ్ జోలికి నేను పోను, పోలేను. చేయని పనికి పేరు, చేసే పనికి పస్తు.

పస్తు అని ఊరికే అనలేదు. మొదట్లో చినగంజాం కల్లుప్పు బస్తా వచ్చేది. తర్వాత చవకరకం, అడుగున మట్టి, ఇసుక. అదంతా నా డ్రమ్ములో బురదై కూర్చుంది. ఒక వానాకాలం ఉప్పు పైన అట్ట కట్టింది, కింద బోలు. ఇంటాయన మూత తీసి చూసి "నిండుగానే ఉందిగా" అని మూసేశాడు. ఒక కర్ర తీసుకుని పొడిస్తే అట్ట విరిగి పడేది. ఆ కర్ర డాబా మీదే, నా పక్కనే, బట్టలారేసే తీగకు ఊతంగా ఉండేది.

వాచ్‌మన్ మంచివాడు. "సార్, దానికి ఉప్పు అయిపోయింది, బస్తా తేవాలె" అని మూడు నాలుగుసార్లు గుర్తుచేశాడు. "వచ్చే వారం చూద్దాంలే." ఆ వారం రాలేదు. బోరులోంచి వచ్చే ఇనుప చిలుము గుళికలకు పూత పూసింది. ముందు ఒక ఫిల్టరు లేదు, కిందినుంచి నీళ్ళు ఎక్కించి మురికి కడిగే బ్యాక్‌వాష్ ఎవరూ తిప్పలేదు. అన్నిటికంటే విడ్డూరం, నా డ్రెయిను గొట్టం ఇంకుడు గుంతలో పెట్టారు. నేను కక్కిన ఉప్పు, కాల్షియం అన్నీ భూమిలోకి దిగి అదే బోరు వైపు పోయేవి. వాళ్ళ గట్టి నీళ్ళను వాళ్ళే పెంచి పోషించారు, నా చేత మోయించి మరీ.

తర్వాత ఇంటివాళ్ళు డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళారు. అడుగు జాయింటు కారి, ఎండాకాలంలో నా కడుపు ఎండిపోయింది. గుళికలు తడిగా ఉంటేనే బతుకుతాయి. ఎండినవాటిని ముందు చిక్కటి ఉప్పునీళ్ళలో నానబెట్టి, నెమ్మదిగా పలచన చేస్తూ మంచినీళ్ళకు అలవాటు చేయాలి. తిరిగొచ్చిన రోజే ఇంటాయన వాల్వు పూర్తిగా తిప్పాడు. గుళికలు ఒక్కసారిగా ఉబ్బి పగిలాయి. ఆ ముక్కలు షవర్‌లోంచి ఆయన నెత్తిన పడ్డాయి. నేను పగబట్టి చేసింది కాదు. చేసినట్టే అనుకున్నా అభ్యంతరం లేదు.

రెసిన్ మారిస్తే చాలు, సిలిండరు దిట్టంగానే ఉంది. కానీ "పాతదెందుకు సార్, ఆటోమేటిక్ పెట్టుకోండి" అన్నారు. పెట్టుకున్నారు. నన్ను పిట్టగోడ మూలకి తోశారు. పాత సామాన్లవాడు తట్టి చూసి, "ఫైబర్ కొనం సార్, కరగదు" అని నా ఉప్పు డ్రమ్ము మాత్రం పట్టుకుపోయాడు.

కొత్తవాడికి నెత్తిన గడియారముంది. అర్ధరాత్రి రెండుకు తనంతట తానే ఉప్పు తాగాలని ఏర్పాటు. కరెంటు పోయినప్పుడల్లా ఆ గడియారం ఆగుతుంది. ఇప్పుడు పొద్దున ఎనిమిదికి, అందరూ స్నానాల్లో ఉండగా తాగుతున్నాడు. ఆ గంటసేపు ఇంటికి వెళ్ళేవి అచ్చమైన బోరు నీళ్ళే. నిన్న వాచ్‌మన్ డాబా ఎక్కి వాడి డ్రమ్ము మూత తీసి, లోపలికి తొంగిచూసి, కిందికి కేకేశాడు.

"సార్, కొత్తదానికి గూడ ఉప్పు అయిపోయింది!"

"అది ఆటోమేటిక్ కదయ్యా!"